బీడు భూమికి రోగమేమిటి?

షాన్ బి. కరోల్ ‘ది సెరెంగెటి రూల్స్’ (ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ ప్రెస్, 2016) చదివిన తరువాత

వైద్యానికి సంబంధించిన పుస్తకాలనే ఈ శీర్షికలో ఎక్కువగా పరిచయం చేస్తూ వస్తున్నాను. ‘ది సెరెంగెటి రూల్స్’ ఆ కోవకు చెందదనుకుని చాలాకాలం బల్లమీదే ఉంచేశాను. పేరు చూసి సింహాలూ జీబ్రాలూ నిండిన విహారగ్రంథమనుకున్నాను. మొన్నటి శీతకాలంలో రాత్రి డ్యూటీల మధ్య తెరచి చూస్తే మొదటి అధ్యాయంలోనే వాల్టర్ కానన్ ఎదురయ్యాడు. వైద్యవిద్యార్థి దశలో ‘హోమియోస్టాసిస్’ అనే మాటతో పాటు మాకు పరిచయమైన కానన్! రక్తంలోని చక్కెర, ఉప్పు, ఆమ్లత, ఒంటి వేడి ఒక హద్దులో నిలిచి ఉండడానికి దేహం ఎంత పాటుపడుతుందో చూపిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. ఇక పుస్తకం దించలేదు.

కరోల్ స్వయంగా అణుజీవశాస్త్రజ్ఞుడు. ఆయన ప్రతిపాదన క్లుప్తంగా ఇది: దేహంలో ప్రతి పదార్థానికీ ఒక మోతాదు ఉన్నట్లే అడవిలో ప్రతి ప్రాణికీ ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యను నిర్ణయించే నియమాలుంటాయి, వాటిని మనం తెలుసుకోవచ్చు. నియంత్రణ తప్పినప్పుడు దేహానికి జబ్బు చేసినట్లే నేలకూ జబ్బు చేస్తుంది. పుస్తకం మొదటి సగంలో కానన్, చార్ల్స్ ఎల్టన్, జాక్ మొనో, కొలెస్టరాల్ రహస్యాన్ని ఛేదించిన బ్రౌన్, గోల్డ్‌స్టయిన్, కేన్సర్ కణాల క్రోమోజోములను పరిశీలించిన జానెట్ రౌలీ కనిపిస్తారు. రెండో సగంలో రాబర్ట్ పెయిన్ నక్షత్రచేపలు, టోనీ సింక్లెయిర్ అడవిదున్నలు, యెల్లోస్టోన్ తోడేళ్ళు వస్తాయి. వైద్యులకు ఇంతగా దగ్గరయ్యే ప్రకృతి గ్రంథాన్ని నేను చదవలేదు. అయితే ప్రశంసతో పాటు ఒక విభేదాన్ని కూడా ఇక్కడ చెప్పవలసి ఉంది. ఆ విభేదం నా సొంత తప్పిదం నుంచి పుట్టింది కనుక దాన్నీ దాచను.

పశువుల ప్లేగు

ఈ గ్రంథానికి గుండెకాయ సెరెంగెటి అధ్యాయం. ఉత్తర టాంజానియాలో మొదలై కెన్యాలోని మారా వరకు వ్యాపించిన ఆ పచ్చికబయలు కథ నిజానికి ఒక అంటువ్యాధి కథ. రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు మన పిల్లలకు వచ్చే తట్టు వైరస్‌కు అతి దగ్గరి దాయాది. 1887 ప్రాంతంలో ఇటలీ సేనల కోసం ఎర్రసముద్ర తీరంలోని మసావా రేవుకు తెచ్చిన పశువులతో అది తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టిందని చరిత్రకారులు చెబుతారు. ఆ పశువులు మన దేశం నుంచి వెళ్ళినవేనని చాలామంది అభిప్రాయం. పదేళ్ళు తిరిగేసరికి ఆ రోగం ఖండం దక్షిణపు కొసను తాకింది. చాలా ప్రాంతాల్లో నూటికి ఎనభై, తొంభై పశువులు కూలిపోయాయి. అడవిదున్నలూ, వైల్డ్‌బీస్టులూ అదే దారి పట్టాయి. పాడి తప్ప వేరే జీవనాధారం ఎరుగని మాసాయి ప్రజలు ఎముకలగూళ్ళయ్యారు. 1890ల తొలి సంవత్సరాలలో ఆ ప్రాంతంలో తిరిగిన ఆస్ట్రియా యాత్రికుడు ఆస్కర్ బౌమన్ ఆ కరవును కళ్ళారా చూసి రాసిపెట్టాడు.

ఆ రోగం వచ్చి పోయినది కాదు, వచ్చి ఉండిపోయినది. డెబ్బయ్యేళ్ళ పాటు ఏటేటా దూడలను తీసుకుపోతూనే ఉంది. 1950లలో సెరెంగెటి చుట్టుపట్ల ఊళ్ళలోని పశువులకు టీకాలు వేయడం మొదలైంది. ఆ తరువాత, ఇంగ్లండులో నేనుండే లింకన్‌షైర్‌లోనే పుట్టిన పశువైద్యుడు వాల్టర్ ప్లౌరైట్ కెన్యాలోని ముగుగా పరిశోధనాలయంలో కణవర్ధన పద్ధతిన తయారుచేసిన టీకా వచ్చింది. చవకైనది, ఒక్కసారి వేస్తే చాలినది. అడవిజంతువులకు ఎవరూ టీకా వేయలేదు. వేసింది ఊరి పశువులకే. అయినా 1963 తరువాత వైల్డ్‌బీస్టులలో ఆ రోగం కనబడలేదు. అంటే రోగానికి పుట్టిల్లు అడవి కాదు, మన కొట్టాలే! ‘అడవిమృగాలే మా పశువులకు రోగాలు అంటిస్తున్నాయి’ అన్న అనాది ఆరోపణకు దీనికంటె స్పష్టమైన సమాధానం ఉండదు.

1965లో సెరెంగెటి చేరిన యువ పరిశోధకుడు సింక్లెయిర్ అడవిదున్నల సంఖ్య ఎందుకు పెరుగుతున్నదని అడిగాడు. వాటి రక్తం పరీక్షించినప్పుడు 1960ల తొలినాళ్ళకు ముందు పుట్టిన దున్నలలో రిండర్‌పెస్ట్ యాంటీబాడీలు ఉన్నాయి. తరువాత పుట్టినవాటిలో లేవు. మేము ఆసుపత్రిలో చేసే సీరాలజీ పరీక్ష ఒక మహారణ్యపు చరిత్రను విప్పిచెప్పింది. 1961లో సుమారు రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్టులు 1977 నాటికి పదమూడు లక్షలు దాటాయి.

గడ్డి, నిప్పు, చెట్టు

ఇక్కడే పుస్తకం నన్ను నిజంగా ఆశ్చర్యపరచింది. మేసే నోళ్ళు అయిదు రెట్లయితే నేల బోడి కావాలి కదా? సామాన్య బుద్ధి అలాగే చెబుతుంది. జరిగింది వేరు. పది లక్షల నోళ్ళు మేయగా ఎండాకాలానికి మిగిలే ఎండుగడ్డి తగ్గింది. ఎండుగడ్డి తగ్గితే కార్చిచ్చుకు ఆహారం తగ్గింది. నిప్పు తగ్గితే, ఏటేటా కాలి మొక్క దశలోనే ఆగిపోతూ వచ్చిన తుమ్మజాతి చెట్లు తలెత్తాయి. చెట్లు పెరిగితే జిరాఫీలకు మేత పెరిగింది. సింక్లెయిర్ ఒకే స్థలం నుంచి సంవత్సరాల వ్యవధిలో తీసిన ఛాయాచిత్రాలలో ఆ మార్పు కళ్ళకు కట్టింది. నేలలోనూ చెట్లలోనూ నిలవ ఉండే కర్బనం లెక్క కూడా మారిందని 2009లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పశువుకు వేసిన టీకా చెట్టును పెంచింది! వైద్యంలో ఇంత దూరం ప్రయాణించిన సూదిమందు మరొకటి ఉందా?

గడ్డి మేతను తట్టుకోవడం వెనుక సులభమైన శరీరనిర్మాణ రహస్యం ఉంది. చాలా మొక్కలకు ఎదిగే మొగ్గ కొసన ఉంటుంది; కొస తుంచితే ఎదుగుదల కుంటుపడుతుంది. గడ్డికి ఎదిగే చోటు మొదట్లో, నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. గోరు కొస కత్తిరిస్తే మొదలునుంచి మళ్ళీ పెరిగినట్లు గడ్డిపోచ మళ్ళీ వస్తుంది. నీడ పెట్టే ఎండుటాకును పశువు తొలగిస్తే పిలకలకు వెలుగు తగులుతుంది. పేడ, మూత్రం తిరిగి నేలకు చేరుతాయి. తగుపాటి వానలుండి, తగినంత విరామం దొరికితే మేసిన గడ్డి మేయని గడ్డికి తీసిపోకుండా తిరిగి పెరగగలదని 1970లలో శామ్యూల్ మెక్‌నాటన్ సెరెంగెటిలోనే కొలిచి చూపాడు. లక్షల సంవత్సరాలుగా గడ్డీ, దాన్ని మేసే పంటి వరుసా ఒకదాన్నొకటి దిద్దుకుంటూ వచ్చాయి. గడ్డిలోని ఇసుకపాలు పళ్ళను అరగదీస్తే, అరిగినా తరగని పొడవాటి పళ్ళు గుర్రాలకూ పశువులకూ వచ్చాయి. ఇది శత్రుత్వమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాత కాపురం అంటాను.

ఆ కాపురంలో పంక్తిభోజనాల క్రమం కూడా ఉంది. 1971లో రిచర్డ్ బెల్ వివరించిన విషయమిది. మొదటి బంతికి జీబ్రాలు కూర్చుంటాయి. వాటికి నెమరు లేదు. తిన్నది పేగుల చివరిభాగంలో పులుస్తుంది. నాసిరకం మేతనైనా ఎక్కువగా తిని త్వరగా బయటకు పంపగలవు కనుక పొడవాటి ముదురు కాడలను అవి తీసివేస్తాయి. రెండో బంతి వైల్డ్‌బీస్టులది. నెమరువేసే ఆ జంతువులు కాడల చాటున ఉన్న ఆకును అందుకుంటాయి. మూడో బంతికి వచ్చే థాంసన్ గజెల్ అనే చిన్న జింక, నేలబారు లేత చిగుళ్ళనూ చిన్న మొక్కలనూ ఏరుకుంటుంది. చిన్న దేహానికి తక్కువ తిండి చాలు. కాని అది సారవంతంగా ఉండాలి. పెద్ద దేహం ఎక్కువ తినాలి. సారం తక్కువైనా సర్దుకుంటుంది. ఒకే విస్తరి ముందు ముగ్గురూ పోట్లాడుకుంటున్నట్లు దూరానికి కనిపిస్తుంది. దగ్గరికి వెళితే ముందువాడు లేవకపోతే వెనుకవాడికి అన్నం లేదని తెలుస్తుంది.

మరి వైల్డ్‌బీస్టుల పెరుగుదలను ఆపింది ఎవరు? సింహాలని ఎవరైనా అంటారు. కరోల్ చెప్పే నియమాలలో నాకు అన్నిటికంటె నచ్చినది దేహపరిమాణ నియమం. ఓరిబి వంటి చిన్న జింకల మరణాలు దాదాపు అన్నీ వేటజంతువుల నోటనే, అడవిదున్నల మరణాలలో వాటి వాటా నాలుగోవంతు, ఏనుగులలో లేనట్లే. సుమారు 150 కిలోల బరువు దాటాక జంతువును అదుపులో ఉంచేది పులీ సింహమూ కాదు, పళ్ళెం. సైమన్ మ్దుమా చనిపోయిన వైల్డ్‌బీస్టుల ఎముకలు చీల్చి మూలుగను పరీక్షించాడు. ఎండకాలం చావులలో ఎక్కువ భాగం కొవ్వు హరించుకుపోయిన మూలుగవే. ఈ పుట దగ్గర నేను చాలాసేపు ఆగాను. తీవ్రమైన పస్తులతో శుష్కించిన రోగుల ఎముక మూలుగ జిగురుగా, పారదర్శకంగా మారడాన్ని పాథాలజీ స్లైడ్ల మీద చూశాను. దేహం ఖర్చుపెట్టే చివరి నిలవ అది. 1993 అనావృష్టిలో సెరెంగెటి వైల్డ్‌బీస్టుల సంఖ్య పది లక్షల లోపుకు పడిపోయింది. ‘ప్రకృతి సమతౌల్యం’ అని మనం హాయిగా ఉచ్చరించే మాటకు అర్థం ఆ మూలుగలో ఉంది. అది దయగల వ్యవస్థ కాదు. అలాగని అవ్యవస్థా కాదు.

ఏది సాధారణం?

ఇక నా విభేదం. దేహానికీ నేలకూ కరోల్ కల్పించిన సామ్యం అందమైనదే, కాని ఒకచోట కుంటుతుంది. దేహానికి ‘సాధారణ స్థితి’ ఒకటి ఉంది. సోడియం ఎంత ఉండాలో ప్రయోగశాల కాగితం మీద అచ్చువేసి ఉంటుంది. ఆ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? ఆరోగ్యవంతుల రక్తం నుంచి. పొరపాటున రోగుల వార్డులో రక్తం తీసి ఆ అంకెలను నిర్ణయిస్తే ఏమవుతుంది? రోగమే ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆరోగ్యం రోగంగా కనిపిస్తుంది.

సెరెంగెటి విషయంలో జరిగింది సరిగ్గా అదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి అర్ధభాగంలో అక్కడికి చేరిన తెల్లదొరలు, వేటగాళ్ళు, శాస్త్రజ్ఞులు చూసింది రిండర్‌పెస్ట్ తొక్కివెళ్ళిన నేలను. మనుషులూ పశువులూ నశించాక నిప్పుపెట్టేవారు లేక, మేసేవి లేక కొన్నిచోట్ల పొదలూ చెట్లూ ముమ్మరించాయి. మనుషులు తిరిగి పెరిగాక, మేసేవి లేని గడ్డి ఏటా తగలబడి ఆ చెట్లను మళ్ళీ తీసుకుపోయింది. చూసిన ప్రతివారూ తాము చూసినదే ‘అనాది ఆఫ్రికా’ అనుకున్నారు. చెట్లు పోతున్నాయని ఏనుగులను దోషులుగా నిలబెట్టారు. చెట్లను తగ్గించినది ప్రధానంగా నిప్పేననీ, తగ్గినవాటిని తిరిగి లేవనీయకుండా ఉంచుతున్నది ఏనుగులనీ హాలీ డబ్లిన్, సింక్లెయిర్‌లు తరువాత తేల్చారు. నిర్మానుష్యమైన అరణ్యం అనే భావన కూడా కొంతవరకు ఆ మహమ్మారి మిగిల్చిన ఖాళీ నుంచి పుట్టినదే. 1959లో జాతీయవనం హద్దుల నుంచి మాసాయి పశుపాలకులను బయటకు పంపినప్పుడు ఆ భావన చట్టమైంది.

కరోల్ ఈ చరిత్రను విస్మరించాడని అనను. కాని ‘నియమాలు’ అనే మాట మీద ఆయనకున్న మోజు ఈ అస్థిరతను మరుగుపరుస్తుంది. యెల్లోస్టోన్ అధ్యాయం చూడండి. తోడేళ్ళు తిరిగి రాగానే ఎల్క్ దుప్పులు తగ్గి, విల్లో పొదలు కోలుకున్నాయన్న కథ ముచ్చటగా సాగుతుంది. కొన్ని వాగుల వెంట విల్లో కోలుకున్నది నిజమే. కాని తోడేళ్ళు లేని డెబ్బయ్యేళ్ళలో బీవర్లు తరలిపోయి, వాటి ఆనకట్టలు పోయి, వాగులు లోతుకు కోసుకుపోయి, భూగర్భజలం కిందికి దిగిపోయిన చోట్ల దుప్పులు తగ్గినా పొదలు పూర్వస్థితికి రాలేదని ఇరవయ్యేళ్ళ ప్రయోగాలు చూపాయి. మందు సరైనదే. కాని ఈలోగా రోగి దేహం మారిపోయింది. దీర్ఘకాలిక వ్యాధులకు చికిత్స చేసేవారికి ఇది కొత్త సంగతి కాదు.

నా తప్పిదం

ఇంతకూ ఈ విషయంలో నాకెందుకింత పట్టింపు? పాలమూరు జిల్లాలో మా ఊరి పక్కన నలభై ఎకరాల బీడు ఉండేది. అక్కడక్కడ తుమ్మ, రేగు, పరికి పొదలు. మిగిలినదంతా గరిక, బోద, పేరు తెలియని పది రకాల గడ్డి. సర్కారు కాగితాలలో అది పనికిరాని భూమి. పదిహేనేళ్ళ కిందట ఇక్కడి మిత్రులం కొందరం చందాలు వేసుకుని ఆ బీడును పచ్చగా మార్చాలని సంకల్పించాం. చుట్టూ ముళ్ళకంచె వేయించి కానుగ, నీలగిరి, సుబాబుల్ మొక్కలు వేల సంఖ్యలో నాటించాం. ప్రారంభోత్సవానికి నేను వెళ్ళాను. శాలువా కప్పారు. ఛాయాచిత్రాలు ఇక్కడి మిత్రులకు పంపాను.

ఆ రోజు గొర్లకాపరి పెద్దయ్య ఒకాయన గొంగడి భుజాన వేసుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. పలకరించడానికి వెళ్ళి, “పెద్దయ్యా, ఇక్కడేమీ లేదు కదా, చెట్లు వస్తే ఊరికి మంచిదే కదా” అన్నాను. ఆయన నవ్వాడు. “ఏం లేదని నువ్వంటున్నవ్ బిడ్డా. జీవాలనడుగు, ఏమున్నదో అవి చెప్తయ్” అన్నాడు. మాట తీరు బాగుందని మెచ్చుకున్నాను తప్ప మాటను వినలేదు.

రెండో ఎండకాలానికి సగానికి పైగా మొక్కలు చనిపోయాయి. కంచె మాత్రం గట్టిగా నిలిచింది. లోపల మేసేవి లేక గడ్డి నడుమెత్తు పెరిగి, ఎండి, పడి, దాని మీద మళ్ళీ పెరిగింది. నాలుగో సంవత్సరం హోలీ రోజుల్లో ఎవరి బీడీ నుంచో నిప్పు అంటుకుని మిగిలిన మొక్కలతో సహా కాలిపోయింది. అంతకు ముందే పెద్దయ్య మందను అమ్మేశాడు. ఊళ్ళో మరి మూడు మందలు కూడా పోయాయని తరువాత తెలిసింది. సెరెంగెటి అధ్యాయంలో ‘మేసేవి తగ్గితే నిప్పు పెరుగుతుంది’ అన్న వాక్యసారం చదివినప్పుడు నా కళ్ళ ముందు మెదలినది ఆఫ్రికా కాదు.

కంచె చెట్లకు సైతం మేలు చేయకపోవచ్చునని తెలిపే మరో ప్రయోగం కెన్యాలోని లైకిపియాలో జరిగింది. అక్కడి ఒక తుమ్మజాతి చెట్టు తన ముళ్ళ మొదట్లోని బుడిపెలలో చీమలకు ఇల్లిచ్చి, తేనె పోసి పోషిస్తుంది. ఆకు తినవచ్చిన ఏనుగునూ జిరాఫీనీ చీమలు కుడతాయి. 1995లో కొంత భూమికి కంచెవేసి పెద్ద జంతువులను దూరంగా ఉంచారు. పదేళ్ళ తరువాత చూస్తే చెట్లు చీమలకిచ్చే ఇల్లూ తేనే తగ్గించాయి. కాపలా కాసే చీమలు బలహీనపడ్డాయి. ఆ స్థానంలో వేరే చీమలు చేరి, కాండాన్ని తొలిచే పురుగులకు దారి ఇచ్చాయి. చెట్లు మెల్లగా పెరిగి త్వరగా చచ్చాయి. 2008లో వెలువడిన ఈ ఫలితాన్ని వైద్యవిద్యార్థులకు పాఠంగా చెప్పాలని నాకనిపిస్తుంది. బెదిరింపును తొలగించడం ఎప్పుడూ రక్షణ కాదు.

మనవాళ్ళకు తెలియనిదా?

గడ్డి విలువ తెలుగువారికి తెలియదని ఎలా అనగలం? గొల్లల వీరగాథ కాటమరాజు కథలో యుద్ధానికి కారణం బంగారమూ కాదు, రాజ్యమూ కాదు, పచ్చిక. కరవు వచ్చి ఆలమందలతో దక్షిణానికి తరలిన కాటమరాజుకూ నెల్లూరు నేలిన నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర వచ్చిన తగాదా రణమైంది. పుల్లరి అంటే పశువులను మేపుకున్నందుకు చెల్లించే పన్ను. ఆ మాట అంత పాతది. ఆరు శతాబ్దాల తరువాత, అడవిలో మేతకు బ్రిటిషు ప్రభుత్వం విధించిన పుల్లరిని చెల్లించబోమని పలనాటి రైతులు ఎదురుతిరిగారు. ఆ పోరులో కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్ళకు బలయ్యాడు. మేతభూమి కోసం ప్రాణాలిచ్చిన జాతి, అదే భూమిని బంజరు అని పిలవడం ఎప్పుడు నేర్చుకున్నది? పన్ను రాని నేలను పనికిరాని నేలగా లెక్కించిన దొరల పద్దుపుస్తకాల నుంచే అని నేననుకుంటాను. ఆ పద్దు మారలేదు. ఇప్పటికీ పొదలున్న బీళ్ళు, మేతభూములు జాతీయ బంజరుభూముల పటంలో చోటుచేసుకుంటూనే ఉన్నాయి.

దక్కను పీఠభూమిలోని ఈ గడ్డిభూములు అడవిని నరికితే మిగిలిన పుండ్లు కావనీ, చాలాచోట్ల అవి ప్రాచీనమైన సవన్నాలనీ ఇటీవలి పరిశోధకులు వాదిస్తున్నారు. పశ్చిమ మహారాష్ట్రలో మధ్యయుగపు మరాఠీ భక్తి సాహిత్యంలో, జానపద గాథలలో వర్ణించిన మొక్కలను ఏరి చూస్తే వాటిలో ఎక్కువ భాగం గడ్డిభూముల మొక్కలేనని తేలింది. మన గొల్లసుద్దులనూ, మల్లన్న కథలనూ అదే కంటితో ఎవరైనా వెదికితే ఎంత బాగుండును! నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిభూమిని 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. బట్టమేక కనుమరుగవుతూ వచ్చింది. హద్దులు గీయడం ఒక్కటే వైద్యం కాదని అదీ చెబుతోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. అతిమేత అనేది లేదా? ఉంది. నేల రాయిపడేలా మేపిన బీళ్ళను నేనూ చూశాను. కాని కరోల్ చెప్పిన ఆరో నియమాన్ని గుర్తుచేసుకోవాలి. వలస వెళ్ళే మందలు, ఒకేచోట ఉండిపోయే మందలకంటె ఎన్నో రెట్లు పెద్దవి కాగలవు. వానాకాలంలో ఆగ్నేయాన అగ్నిపర్వతపు బూడిద పరచిన పొట్టిగడ్డి బయలులో ఈనిన వైల్డ్‌బీస్టులు, ఎండకాలానికి ఉత్తరాన మారా నది వైపు వెళ్ళిపోతాయి. మేసిన గడ్డికి తేరుకునే వ్యవధి దొరుకుతుంది. పాలమూరు గొర్లకాపరులు చేసినదీ అదే. వానలు వెనుకపట్టగానే మందలు తోలుకుని కృష్ణ దిగువకు వెళ్ళేవారు. కోతలైన పొలాలలో రాత్రుళ్ళు మంద పెట్టించుకుని రైతులు ఎరువుకు బదులుగా వడ్లిచ్చేవారు. దారులు మూసి, బీళ్ళకు కంచెలు వేసి, మిగిలిన నాలుగెకరాలలోకి మందలన్నిటినీ తోసి, చివరికి ‘చూశారా, గొర్లు నేలను నాశనం చేస్తున్నాయి’ అనడం, రోగి కాళ్ళు కట్టేసి నడవడం లేదని రాసుకోవడం వంటిది. మేత రోగం కాదు. కదలిక ఆగిపోవడం రోగం.

వైద్యంలో మొదట నేర్పేది మందు పేరు కాదు. మొదట చూడు, అడుగు, విను. ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలుసుకో. ఆ తరువాతనే చేయి వేయి. పేషెంటు దగ్గర ఆ క్రమం ఎన్నడూ తప్పని నేను, నేల దగ్గర చరిత్ర అడగకుండానే చీటీ రాసేశాను. విదేశాలనుంచి సొంత ఊళ్ళకు డబ్బు పంపే మన మిత్రులలో చాలామంది ఇప్పుడు మొక్కలు నాటే పథకాలకు ఇస్తున్నారు. ఇవ్వవద్దని అనను. నాటబోయే చోట నిన్నటిదాకా ఏమి మేశాయో, ఎవరు మేపారో కనుక్కున్నాక ఇవ్వండి. అడవి ఉండిన చోట అడవినే పెంచండి. గడ్డి ఉండిన చోట గడ్డిని ఉండనివ్వండి.

మూడు వందల పుటలలోపు ఉన్న ఈ పుస్తకాన్ని వైద్యులూ వైద్యేతరులూ చదవవచ్చు. నియమాలను నమ్మండి, కాని నియమాలకంటె ముందు కరోల్ చెప్పిన కథలను నమ్మండి. మనుషులు ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడి, ఒకే జంతువును లెక్కపెడుతూ, తమ అంచనా తప్పని తెలిసినప్పుడు సంతోషించిన కథలవి. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీద లేదని ప్రకటించారు. మశూచి తరువాత మానవుడు పూర్తిగా నిర్మూలించిన రెండో వ్యాధి అది. మన దేశంలో చివరిసారి కనిపించింది 1995లో. ఆ విజయాన్ని నెమరువేసే జంతువుల పక్షాన కూడా ఒకసారి తలచుకోవాలి.

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళాను. కంచె రాళ్ళు కొన్ని కూలాయి, కొన్నిటిని ఎవరో ఇళ్ళకు తీసుకుపోయారు. పెద్దయ్య లేడు. ఆయన మనుమడు పన్నెండు మేకలతో కాలిన బీడులో తిరుగుతున్నాడు. మేకలు తుమ్మకాయలు ఏరుకుని తింటున్నాయి. తిన్న గింజలు వాటి పెంటతో పాటు ఆ నేల మీదనే పడుతున్నాయి. మేము కంచె లోపల వేలల్లో నాటినవాటిలో ఒక్కటీ లేదు కాని, మోకాలెత్తు తుమ్మమొక్కలు మాత్రం చాలా కనిపించాయి. వాటిని ఎవరు నాటారని అబ్బాయిని అడగబోయి ఊరుకున్నాను.